శని మిస్

మొన్న బంగారుపాళ్యంలో ఒక ప్రైవేటు బడివాళ్ళు పిల్లలకు అంతరిక్షం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. హైవే పక్కన, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉంది ఆ బడి. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నల్లటి ఆకాశం, మధ్యలో మండుతున్న సూర్యుడు, చుట్టూ గ్రహాలు. గురుగ్రహం తర్వాత కొంత ఖాళీ, ఆ తర్వాత నీలంగా యురేనస్, నెప్ట్యూన్. ఎంత చిన్న పిల్లవాడైనా ఉంగరాన్ని బట్టి గుర్తుపట్టే ఆ ఒక్క గ్రహమే అందులో లేదు.

అచ్చులో పోయిందేమో అనుకుని కరస్పాండెంటును అడిగాను. ఆయన నవ్వాడు.

"తీయించేసినాం సార్. గేటు మీద శనిని పెట్టుకుంటే పేరెంట్స్ ఊరుకుంటారా? అడ్మిషన్ల టైము."

కోట్ల మైళ్ళ అవతల తన దారిన తాను తిరుగుతున్న గ్రహాన్ని ఫ్లెక్సీ షాపులో కుర్రాడు మౌసు నొక్కి తుడిచేశాడు. అదీ విజ్ఞానశాస్త్ర దినం పేరుతో. ఆ రోజు నా ఉపన్యాసంలో నిప్పులు కురిశాయని చెప్పనక్కరలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు, కరస్పాండెంటు శాలువా కప్పాడు, ఫ్లెక్సీ అలాగే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుంటే నగరిలో నాకు తెలిసిన ఒక టీచరు గుర్తొచ్చింది. ఆమె పేరు రాయను. వీధివాళ్ళు ఆమెకు ఒక పేరు పెట్టారు. అది చాలు ఆమెకు.

మొదటిసారి ఆమెను చూసింది ఒక క్షుద్రపూజ కేసులో. కేసంటే పోలీసు కేసు కాదు. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడేవాణ్ణి కాబట్టి ఎక్కడ చెట్టు నుంచి పాలు కారినా, ఎక్కడ ఇంటి మీద రాళ్ళు పడినా నాకు ఫోన్లు వస్తుంటాయి. ఆ రోజు నగరి నుంచి ఒక బడి కరస్పాండెంటు చేశాడు.

"సార్, మా స్కూల్లో ఒక మిస్సు గ్రౌండులో ఏందో పెడతా ఉండాదంట. వాచ్‌మన్ చూసినాడు. గుమ్మడికాయ, నిమ్మకాయ, ఆవాలు, మిరియాలు. ముగ్గు గూడా వేసినాదంట. పేరెంట్స్‌కు తెలిస్తే నా కత ముగిసినట్టే. మీరొచ్చి ఒకసారి చూసి పోండి."

తిరుపతి నుంచి బస్సెక్కాను. నా సంచిలో సరంజామా అంతా ఉంది. కోస్తే ఎర్రగా కారే నిమ్మకాయ, నీళ్ళు చల్లితే మండే పొడి, అరచేతిలో వెలిగించే కర్పూరం. వెళ్ళేసరికి గ్రౌండులో నిజంగానే పెద్ద గుమ్మడికాయ ఉంది. దాని చుట్టూ సుద్దపొడితో వలయాలు. నూలు చీరె కుచ్చెళ్ళు కొంచెం పైకి దోపుకుని, సుద్దపొడి అంటిన చేతులతో, ఎండలో కళ్ళు చిట్లించుకుని పిల్లల మధ్య నిలబడి ఉందామె. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రాకుండా, బయటికి పోకుండా కమ్మీ పట్టుకుని చూస్తున్నాడు.

నేను నేరుగా వెళ్ళి నేల మీది నిమ్మకాయ తీశాను. పిల్లలకు నా విద్య చూపిద్దామని జేబులోంచి మందు రాసిన చాకు కూడా తీశాను.

"సార్, సార్! అది గురుగ్రహం. కోయొద్దండి," అందామె.

నేను ఆగిపోయాను. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. గుమ్మడికాయ సూర్యుడు. గురుడు నిమ్మకాయంత. శని ఉసిరికాయంత. అంగారకుడు ఆవగింజ. ఇదిగో ఈ మిరియం, మనం.

"మనమా?"

"మనమే సార్. నగరి, తిరుపతి, చెన్నై, మీరు, నేను, మా కరస్పాండెంట్ సారు, అందరూ దీని మీదనే ఉండారు. పడేసుకునేరు."

గసగసాలు, ఆవాలు, మిరియాలు, నిమ్మకాయ, ఉసిరికాయ: ఏ వంటింట్లోనైనా ఉండేవి. కొని తెమ్మంటే పిల్లల తల్లిదండ్రులు సణుగుతారని వంటింటి డబ్బాల్లోంచే సౌరకుటుంబాన్ని తయారు చేసింది. అవే వస్తువులతో మనవాళ్ళు దిష్టి తీస్తారని ఆమెకు తట్టలేదు. వాచ్‌మన్‌కు అంతకు మించి ఏమీ తట్టలేదు. దగ్గరికి పిలిస్తే, "నేను రానప్పా, దాటితే అంటుకుంటాది," అన్నాడు. ఆమె గట్టిగా నవ్వి మిరియాన్ని అరచేతిలో పెట్టుకుని గేటు దాకా వెళ్ళింది. "అన్నా, దీన్ని దాటి నువ్వు యాడికి పోతావు? దీని మీదనే గదా నిలబడుకోనుండావు!"

ఆ తర్వాత నగరి వైపు వెళ్ళినప్పుడల్లా ఆ బడికి వెళ్ళేవాణ్ణి. పిల్లలకు ఏదో ఒక కొత్త పని ఆలోచించి పెట్టుకునేది. ఆలోచనలన్నీ ఆమెకు నడకలో వచ్చేవి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. ఆమె అత్తగారిల్లు మరమగ్గాల ఇల్లు. లోపల చప్పుడుకు తలకాయ పనిచెయ్యదనీ, రోడ్డు మీద పడ్డాకే పాఠం తడుతుందనీ చెప్పేది. చంద్రుడి మీది గుంతలు చూపించడానికి పొడి బియ్యప్పిండిలో గోలీలు పడేయించింది. రాకెట్ ఎందుకు పైకి పోతుందో చెప్పడానికి తీగ మీద బెలూను పరిగెత్తించింది. వ్యోమగామి అన్నం ఎలా తింటాడో చెప్పడానికి పిల్లల చేత నిమ్మకాయ అన్నాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి పీల్పించింది. ఆ రోజు సగం క్లాసు చొక్కాలు పసుపైపోయాయి.

"ఎంత దూరం మిస్?" అని పిల్లలు అడిగితే అంకె చెప్పేది కాదు. "నడువు, తెలుస్తాది," అనేది. ఉసిరికాయ పట్టుకున్న పిల్లను గేటు దాటించి, రోడ్డు దాటించి, మిల్లు గోడ దాకా పంపి, అక్కడి నుంచి వెనక్కి చూడమనేది. గుమ్మడికాయ కనిపించదు. "చూసినావా, అంత దూరం నుంచి శని ఆయప్ప మన ఇండ్లలో తొంగి చూస్తాడా?" అనేది. పుస్తకాలు తిరగేసి వేదికల మీద నేను గంటసేపు చెప్పేది ఆమె రోడ్డు దాటించి చెప్పేసేది. తానెంత దూరం వెళ్ళిందని ఒకసారి అడిగాను. "నేనా? ఈ పక్కనే, తిరుత్తణి," అంది. "కావడి మొక్కు ఉంటే తీసకపోయినారు."

ఇక అసలు సంగతి.

బడిలో అంతరిక్ష దినం పెట్టారు. ఆమె పథకం ఇది: పిల్లలే గ్రహాలు. తలా ఒక రంగు అట్ట మెడలో వేసుకుని గుమ్మడికాయ చుట్టూ ఎవరి వలయంలో వాళ్ళు, ఎవరి వేగంతో వాళ్ళు తిరగాలి. దగ్గరివాళ్ళు పరిగెత్తాలి, దూరంవాళ్ళు మెల్లగా. శనికి వాడేసిన నీళ్ళ పైపును గుండ్రంగా వంచి, మగ్గాల ఇంట్లో మిగిలిన తెల్ల పోగులు చుట్టి, ఎంత అందమైన ఉంగరం చేసిందో! నడుముకు తగిలించుకుంటే ఊగుతూ ఉండేది. అన్నిటికన్నా దాని మీదే పిల్లల కన్ను. మూడో తరగతి పిల్ల ఒకతె ఏడ్చి మరీ దాన్ని దక్కించుకుంది.

ఆ రోజు నేను ముఖ్య అతిథిని. పిల్లలు వరుసలో నిలబడుతుండగా ఆ పిల్ల నాయనమ్మ గ్రౌండు మధ్యకు వచ్చేసింది.

"ఏమ్మా, మా పిల్లకు నీకు ఇంకో వేషమే దొరకలేదా? శని అంట, శని! శనివారం పూట మా ఇంట్లో ఆ పేరెత్తం. వాళ్ళ నాయన రేపు లోడు తోలకపోవల్ల. యాడన్నా ఏమన్నా అయితే నువ్వొచ్చి పిల్లను సాకతావా?"

పిల్ల నడుముకున్న ఉంగరాన్ని లాగేసింది. వెనక ఇంకో ఇద్దరు తల్లులు లేచారు. "మా వాడు ఆ పక్కనే నిలబడినాడు, మార్చండి" అని ఒకతె, "అసలు నవగ్రహాల్లో భూమి లేదు గదా, రాహువు కేతువు ఏమైరి?" అని ఇంకొకతె. నేను ఆగలేదు. మైకు లాక్కున్నాను. శని ఒక వాయుగోళమనీ, దాని ఉంగరం మంచుముక్కలనీ, దానికి లారీలు తెలియవనీ, శనివారమనేది మనం పెట్టుకున్న పేరనీ, ఆ నాయనమ్మ వయసును కూడా చూడకుండా దులిపేశాను. జవాబు చెప్పమన్నాను. తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం మొదలుపెట్టారు.

ఆమె నా దగ్గరికి వచ్చి మైకు మీద చెయ్యి పెట్టింది.

"సార్, మీరు గెల్చినారు. కూర్చోండి. మీరు గెల్చి బస్సెక్కి పోతారు. నేను రేపు ఈ రోడ్డు మీదనే నడవాల."

నన్ను అంతవరకు ఎవరూ అలా కూర్చోబెట్టలేదు. ఆమె వెళ్ళి కింద పడిన ఉంగరం తీసుకుంది. దుమ్ము దులిపింది. తన నడుముకు తగిలించుకుంది. "అవ్వా, నేనే శని. మీ పిల్ల భూమి. సరేనా? పిల్లల్ని ఇండ్లకు తీసకపోవాకండి," అంది. నాయనమ్మ పిల్ల చెయ్యి వదిలింది. ఈల వేశారు. పిల్లలు పరిగెత్తారు. అందరికన్నా బయటి వలయాల్లో ఒకదానిలో, తెల్ల పోగుల ఉంగరం ఊగుతుంటే, ఒక్కొక్క అడుగే ఆలోచించి వేస్తున్నట్టు ఆమె నడిచింది. పిల్లలు ఎన్నో చుట్లు తిరిగారు. ఆమె ఒక్క చుట్టు కూడా పూర్తి చెయ్యలేదు. శని అలాగే తిరుగుతుంది.

ఆ సాయంత్రం నుంచే ఆమె శని మిస్. పిల్లలు ముద్దుగా పిలిచారు. వీధి ముద్దుగా పిలవలేదు. పొద్దున ఆమె బడికి బయల్దేరితే మగ్గాలకు పోయేవాళ్ళు ఆమె మలుపు తిరిగేదాకా గడపలో ఆగేవాళ్ళు. పాలవాడు ఎదురొస్తే బండి పక్కసందులోకి తిప్పేవాడు. నేను మండిపడితే నవ్వేసింది. "మేలే గదా సార్, నాకు రోడ్డు ఖాళీగా దొరకతాది." మరుసటి ఏడు కూడా వేషానికి పిల్లలెవరినీ పంపలేదు. మళ్ళీ ఆమే కట్టుకుంది. ఇంటికి పోతే గడపలో అత్త చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడేదట. తలస్నానం చేస్తే గానీ లోపలికి రానివ్వదు. "చలికాలంలో పెట్టొద్దు సార్ స్పేస్ డే," అని నాతో అంది, జోకు వేసినట్టు. కానీ ఆ మాటు నవ్వలేదు.

తర్వాత భర్తకు ప్రమాదం జరిగింది. పుత్తూరు రోడ్డులో బైకు మీద వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. కాలు రెండు చోట్ల విరిగింది. కుక్క అడ్డమొచ్చిందని అతను ఆసుపత్రి మంచం మీద నుంచి అందరికీ చెబుతూనే ఉన్నాడు. కుక్కను అడ్డం పంపిందెవరని తల్లి అడిగింది. జాతకం చూసినవాడు ఏలినాటి శని అన్నాడు. ఏడున్నరేళ్ళు. ఆడమనిషి దాన్ని నడుముకు కట్టుకుని ఊరేగితే రాకేం చేస్తుందన్నాడు. ఆ పెద్దమనిషి ఫీజు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన రోడ్డు మీద ఆయన హాయిగా నడుస్తున్నాడు.

ఆమె బడి మానేసిందని తెలిసి నేను నగరి వెళ్ళాను. ఈసారి నిజంగా యుద్ధానికే వెళ్ళాను.

మధ్యాహ్నం. కరెంటు లేదు కాబట్టి వీధంతా నిశ్శబ్దం. వసారాలో ఆమె భర్త కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లోపల ఆగిపోయిన మగ్గాల మధ్య ఆమె తెగిన పోగులు ముడివేస్తోంది. అత్త నన్ను చూసి కుర్చీ వేసింది. నేను ఊహించుకున్న రాక్షసి కాదు. సన్నగా, కొడుకు కాలి వంక మాటిమాటికీ చూసే ముసలామె.

నేను మొదలుపెట్టబోయాను. ఆమె అత్తే అందుకుంది.

"నువ్వు పెద్ద సదువుకున్నోడివని మా కోడలు సెప్తాది అప్పా. నీతో మాట్లాడే నోరు నాకు లేదు. ఆస్పత్రిలో వాడు అరిసినప్పుడు నేను ఇన్నా. అంతే నాకు తెలిసింది."

భర్త గొంతు సవరించుకున్నాడు. "నేను పొమ్మనే చెప్తా ఉండాను సార్. నాకు నమ్మకాల్లేవు. కుక్కను నేనే గదా చూసింది!"

"మరి ఇంకేం?" అన్నాను ఆమెతో. "భర్త పొమ్మంటున్నాడు. నీకా నమ్మకం ఎటూ లేదు. రేపే పో."

ఆమె పోగు ముడి వేసి, కొన పంటితో కొరికి, లేచి వచ్చింది.

"అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు సార్. నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టేయించుకునింది. ఏడున్నరేళ్ళు బడి గడప తొక్కనని. నేను మాటిచ్చింది శనికి కాదు, ఆమెకు. శని లేడని మీరు నిరూపిస్తారు. అత్త లేదని నిరూపిస్తారా?"

"ఒట్టు భయంతో వేయించుకున్నది. దానికి విలువ లేదు."

"సరే. రేపు పోతా. ఎల్లుండి ఈయనకు జొరమొస్తాది. వస్తాది గదా సార్, ఎవరికైనా? ఈయనకు వస్తే నా వల్ల. మగ్గం పట్టీ తెగితే నా వల్ల. అత్త పెద్దది, ఒకరోజు పోతాది. అదీ నా వల్లే." ఆమె గొంతు పెంచలేదు. "ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ కాదని మీరు చెప్పగలరా? చెప్పండి, ఇప్పుడే చెప్పులేసుకుంటా."

నేను వాదాలు చాలా చేశాను. పీఠాధిపతులతో చేశాను, జ్యోతిష్కులతో టీవీల్లో చేశాను. ఎదుటివాడి నమ్మకాన్ని కూలగొడితే పని అయిపోతుందనే లెక్క నాది. ఇక్కడ కూలగొట్టడానికి నమ్మకం లేదు. నమ్మని మనిషి చుట్టూ నలుగురి భయాన్ని కట్టారు. ఆ కట్టు విప్పాలంటే ఈ ఇంటికి ఏ కీడూ రాదని మాటివ్వాలి. అలాంటి మాట జ్యోతిష్కుడు ఇస్తాడు, అబద్ధమైనా. నేను ఇవ్వలేను. నాకు ఆ రోజు సత్యం మీద కోపం వచ్చింది.

"ఏడున్నరేళ్ళమ్మా!" అన్నాను.

"ఆ గ్రహానికి పావు చుట్టు సార్," అంది. "అది మెల్లగా పోతాది కాబట్టి మనకంత పొడుగు పెట్టినారు. బుధుడైతే సరిపోయుండును, నెల తిరక్కముందే వదిలేసుండును." ఆమె భర్త తల వంచుకుని నవ్వాడు. అత్త, కొడుకు ఎందుకు నవ్వాడో తెలియక, నా వంక చూసింది.

కాఫీ ఇచ్చారు. లేవబోతుంటే ఆమె గబగబా దగ్గరికి వచ్చింది. "సార్, ఒకటి ఆలోచించినా. బడిలో చెప్పండి. ఈసారి పిల్లలు గ్రహాలు కాదు, ఎండ. సూర్యుడి కాడినుంచి బయల్దేరే ఎండ. మన గుమ్మడికాయ లెక్కలో ఎండ చీమ నడక నడుస్తాది. మొదటి బెల్లుకు బయల్దేరితే మిరియం కాడికి ఎనిమిది నిమిషాలు. శని కాడికి పోయే లోపల రెండు పీరియడ్లు..."

కరెంటు వచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి గానీ మాట వినపడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆమె ఇంకా దగ్గరికి వచ్చి గట్టిగా అరిచింది. అరుస్తున్నప్పుడు ఆమె ముఖం గ్రౌండులో చూసిన ముఖమే.

"గ్రహాలకు రాళ్ళు పెట్టమనండి సార్! రంగేసిన రాళ్ళు! పిల్లలు వాటికాడికి నడిస్తే చాలు! ఎవురూ శని కావాల్సిన పన్లేదు! యాడ ఏమైనా ఆ రాయి మీదికి పోతాది! రాయికి మొగుడు లేడు, అత్త లేదు!"

మగ్గాల చప్పుడులో ముసలామెకు అది వినపడలేదు. కోడలి చేతులు గాలిలో ఏదో గీస్తుండడం మాత్రం చూసింది. నా మోచెయ్యి తట్టి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"ఏమంటాంది అప్పా?"

"పిల్లలకు పాఠం చెబుతోందమ్మా," అని అరిచాను.

ముసలామె కొడుకు కాలి వంక ఒకసారి చూసింది. తర్వాత తల ఊపింది.

"సెప్పనీ," అంది. "ఈడినుంచి సెప్తే ఏం కాదులే."